కనుమ మీద మా ఫ్లెక్సీ

మా నంద్యాల టీ అంగళ్ళ దగ్గర ఒక జోకు ఇంకా తిరుగుతోంది. పరుపుల అంగడాయన ఒకడు కొండెక్కుతానని కోతలు కోసి, తీరా బయలుదేరే రోజు పులికి భయపడి తన అంగట్లోనే పరుపు కింద దూరాడట. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేదాకా బయటికి రాలేదట. వినగానే నవ్వొస్తుంది. నేనూ నవ్వాను. నవ్వడమేమిటి, ఆ మాట మొదట అన్నది నేనే.

అది అబద్ధం. ఆయన భయపడలేదు. తెల్లవారకముందే తయారై, తలకు మఫ్లరు చుట్టుకుని, చేతికర్ర పట్టుకుని, గ్రౌండు గేటు దగ్గర నిలబడి మా కోసం చూశాడు. మేమే ఆయన్ని వదిలేసి వెళ్ళాం. ఊరు నవ్వుకునే సంగతిని కాదనాలంటే ఎవరో ఒకరు జరిగింది జరిగినట్టు రాయాలి. ఆ రోజు వెళ్ళినవాళ్ళలో మిగతావాళ్ళు రాయరు. వాళ్ళకు ఇందులో తప్పేముందో ఇప్పటికీ అర్థం కాలేదు.

నాది ఫ్లెక్సీలు అచ్చువేసే అంగడి. పెళ్ళి, పుట్టినరోజు, నాయకుడి పర్యటన, చావు, దేనికైనా మా దగ్గరికి రావలసిందే. ఎవరి మొహం పెద్దగా వేయాలి, ఎవరిని మూలకు తొయ్యాలి, ఎవరి పక్కన ఎవరుంటే గొడవలవుతాయి అన్నది మా విద్య. కార్యక్రమం అయిపోయాక ఆ ఫ్లెక్సీలు ఏమవుతాయో కూడా మాకు తెలుసు. గడ్డివాములకు కప్పుతారు. గొర్రెల దొడ్డికి అడ్డం కడతారు. నిన్న పూలదండ వేసిన మొహం మీద ఇవాళ మిరపకాయలు ఆరబోస్తారు. అది చినుగుతుంది గానీ కుళ్ళదు. మట్టిలో పూడ్చినా మొహం మొహంలాగే ఉంటుంది.

రోజూ పొద్దున గ్రౌండులో నడిచే గుంపు ఒకటి ఉంది మాకు. నడక అనేది పేరుకే. కాసేపు చేతులూపి, చెమట పట్టకముందే గేటు బయట బండి దగ్గరికి చేరి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటాం. పరుపుల అన్న ఆ గుంపులో అందరికన్నా పెద్దవాడు. వాళ్ళది దూదేకులవారి కుటుంబం. చిన్నప్పటి నుంచీ మా వీధే కాబట్టి నాకు అన్న. ఆయన బజ్జీ తినడు. మోకాలు అరిగిపోయి, బరువు పెరగకూడదని డాక్టరు చెప్పాడు.

కనుమకు పోదామన్న మాట ఎత్తింది ఆయనే. ఆళ్ళగడ్డ దాటి, అహోబిలం వైపు నల్లమలలో ఉందా కనుమ. పేరు రాయను. రాస్తే ఇంకో గుంపు బయలుదేరుతుంది, మేం చేసింది చాలు. ఆయన తండ్రి పత్తి ఏరే రోజులు అయిపోగానే, దూది ఏకే విల్లు భుజాన వేసుకుని, ఆ కనుమ దాటి అవతలి ఊళ్ళకు పోయి ఇంటింటికీ పరుపులు కుట్టి వచ్చేవాడట. తిరిగొచ్చినప్పుడు కనుబొమల్లో ఇంకా దూది ఉండేదట. కనుమ మీద, దారి పక్కనే, మనిషి వీపెత్తున ఒక చదును బండ ఉంది. ఇంకొకరి సాయం లేకుండా మూట దించుకోవడానికీ, మళ్ళీ ఎత్తుకోవడానికీ సరిగ్గా సరిపోతుంది. దాని మీదెక్కి కూర్చుంటే ఒక కంటికి మనూరు, ఒక కంటికి పరాయూరు కనపడతాయని ఆ తండ్రి అనేవాడట. చిన్నప్పుడు అడిగితే, పెద్దయినాంక తీసుకుపోతానన్నాడు. ఈయన పెద్దవాడయ్యేసరికి అవతలికి బస్సులు వచ్చేశాయి, పరుపులకు విల్లు అవసరం తీరిపోయింది, తండ్రీ పోయాడు.

"ఆపరేషను ఎండాకాలంలో చేస్తామన్నారప్పా. అది అయినాంక కొండా గిండా మర్సిపొమ్మన్నారు. ఈ చలికాలం ఒక్కటే ఉంది నాకు" అన్నాడు నాతో. "ఒక్కన్ని పంపరంట. గుంపుగా పోతేనే పర్మిషను ఇచ్చి, గార్డును తోడిస్తారంట. నువ్వు నలుగుర్ని కూడగట్టేటోడివి గదా, చూడు."

ఆయనకు మాతో ఉన్న అవసరం అంతే. అడవిలోకి పోనివ్వడానికి ఒక గుంపు. ఆ అవసరాన్ని మేం ఏం చేశామో చెప్పడానికే ఇదంతా.

మరుసటి పొద్దున ఉగ్గాని బండి దగ్గర మాట కదిపాను. మా గుంపుకు పెద్దరికం చేసేది ఒక విత్తనాల వ్యాపారి. నోట్లో బజ్జీతోనే అడిగాడు.

"ఆడేముందన్నా?"

"బండ ఉంది" అన్నాడు పరుపుల అన్న.

"బండనా? బండ కోసరం కొండెక్కల్నా? మా ఇంటి ముందర ఎన్ని లేవు! రా, కాపీ తాగుతా కూచుందువు."

అందరూ నవ్వారు, అన్న కూడా. కానీ ఫోటోలు బాగా వస్తాయని ఎవరో అనడంతో అందరూ ఒప్పుకున్నారు. వెంటనే వాట్సాప్ గ్రూపు పుట్టింది. దానికి 'సాహస యాత్ర' అని పేరు పెట్టింది నేనే.

అప్పటికి అయ్యప్ప మాలల రోజులు. గుంపులో సగం మంది నల్లబట్టల్లో ఉన్నారు, విత్తనాలాయనతో సహా. మాల తీశాక పోదామన్నాడు ఆయన.

"స్వామీ, మాలలో ఉంటే ఇంకా మంచిది గదా!" అన్నాడు పరుపుల అన్న ఆశగా. "చెప్పుల్లేకుండా నడుస్తాండారు. కొండెక్కేది మీకు అలవాటే."

"నడక ఎవురిక్కావాలన్నా? మాలలో పోతే మాంసం ముట్టేకి లేదు. బిర్యానీ లేకుండా కొండ మీద ఏం జేస్తాం, భజనా?"

ఇలా మా నడక బిర్యానీ కోసం ఆగింది. మాలలు తీశారు. తర్వాత టీషర్టుల రంగు కుదరలేదు. ఆ తర్వాత ఒకాయనకు ముఖ్య అతిథి లేకుండా పోవడం నామర్దాగా తోచింది. కొండెక్కడానికి ముఖ్య అతిథి ఎందుకని మీరు అడగవచ్చు. మా వైపు ఆ ప్రశ్న ఎవరూ అడగరు. బోరు వేసినా, బర్రె ఈనినా జెండా ఊపేవాడొకడు కావాలి. ఆళ్ళగడ్డలో ఒక చిన్నపాటి నాయకుణ్ణి పట్టుకున్నారు. ఆయన ఒక రోజు ఇచ్చాడు, రాలేనన్నాడు. ఇంకో రోజు ఇచ్చాడు, ఎవరో పోయారని చావుకు వెళ్ళాడు. ముఖ్య అతిథి ఖాళీ దొరికేలోగా చలికాలం గడిచిపోయింది. శివరాత్రి ముందు ఎండ చురుక్కుమనడం మొదలైంది.

ఆ రోజుల్లో ఒక దృశ్యం రోజూ చూసేవాణ్ణి. గ్రౌండులో ఆటలు చూసేవాళ్ళ కోసం కట్టిన సిమెంటు మెట్లుంటాయి. మేమంతా బజ్జీల దగ్గరుంటే, అన్న ఒక్కడే మోకాలికి గుడ్డ చుట్టుకుని ఆ మెట్లు ఎక్కి దిగేవాడు. ఎక్కేటప్పుడు పళ్ళు బిగించేవాడు. దిగేటప్పుడు పక్కకు తిరిగి, చిన్నపిల్లలు దిగినట్టు ఒక్కో కాలు దించేవాడు. నా పొట్లంలో నూనె కాగితం మీదికి ఊరుతూ ఉండేది. నేను చూస్తూ తినేవాణ్ణి.

ఫ్లెక్సీ నేనే చేశాను. మొదట పై వరసలో అన్న ఫోటో పెట్టాను. ఆలోచన ఆయనది కదా. విత్తనాలాయన అంగడికి వచ్చి చూసి, "ఏందప్పా ఇది, పరుపుల షాపు అడ్వటైజుమెంటా?" అన్నాడు. అన్నను రెండో వరసకు దించాను. ఇంకొకాయన వచ్చి తన బావమరిది ఫోటో ఇచ్చాడు. బావమరిది యాత్రకు రాడు, ఫోటో మాత్రం రావాలి. అన్నను కింద కుడి మూలకు తోశాను. నాయకుడు మధ్యలో నిలువెత్తున దండం పెడుతూ నిలబడ్డాడు. కనుమ బొమ్మ వేయడానికి చోటు మిగల్లేదు.

చివరికి రోజు ఖాయమైంది. ముందు అనుకున్నదైతే అందరూ గ్రౌండు గేటు దగ్గర కలుసుకుని అక్కడి నుంచి బయలుదేరాలి. కానీ నాయకుడు జెండా ఊపేది ఆళ్ళగడ్డలో. ఎవరి బండ్లలో వాళ్ళు నేరుగా అక్కడికి రావాలని, ఇంకా ముందే బయలుదేరాలని మార్చారు. ఆ మార్పు 'సాహస యాత్ర' గ్రూపులో పెట్టలేదు. అన్న లేని ఇంకో గ్రూపు అప్పటికే తయారైంది. అందులో ఇలా రాసుకున్నారు:

"ఆయప్ప వస్తే మనం ఎప్పుడు ఎక్కేది, ఎప్పుడు దిగేది?"

"డోలీ కడదామా?"

"పరుపు ఏసుకుని మోసుకపోదాం."

నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి. వాటిలో ఒకటి నాది. తర్వాత విత్తనాలాయన నాకు ఫోన్ చేసి, "నీకు దగ్గరోడు గదా, నువ్వే ఏదో ఒకటి చెప్పప్పా" అన్నాడు. సరేనన్నాను. అన్నను రమ్మని చెప్పలేదు, రావద్దనీ చెప్పలేదు. రావద్దంటే ఆయన మొహం చూడాలి. రమ్మంటే వీళ్ళ మాటలు పడాలి. రెండూ చేయకుండా ఊరుకున్నాను. అది మొహమాటమని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. మొహమాటం కాదు, పిరికితనం.

ఆ పొద్దున నేనెక్కిన కారు గ్రౌండు రోడ్డు మీదుగానే పోవాలి. "ఆ రోడ్డు వద్దు, ఇట్ల తిప్పు" అని డ్రైవరుకు చెప్పింది నేనే. కాసేపటికి జేబులో ఫోను మోగింది. అన్న పేరు చూసి చప్పుడు ఆపేశాను. మళ్ళీ మోగింది. చప్పుడు లేకుండా తొడ మీద వణికింది. కొండల్లో సిగ్నలు లేదని తర్వాత ఆయనతో అన్నాను. ఫోను మోగినప్పుడు మేమింకా నంద్యాల దాటలేదు.

ఆళ్ళగడ్డలో నాయకుడు జెండా ఊపి, ప్రకృతి గురించి మాట్లాడి, కారెక్కి వెళ్ళిపోయాడు. ఆయన బదులు ఆయన ఫ్లెక్సీ కొండెక్కింది. గార్డు ముందు నడుస్తూ, పాటలు పెట్టొద్దన్నాడు, నిప్పు పెట్టొద్దన్నాడు, చెత్త పారేయొద్దన్నాడు. పాటల డబ్బా దారి పొడవునా మోగుతూనే ఉంది. బిర్యానీ గిన్నెను కట్టెకు తగిలించి ఇద్దరు కూలివాళ్ళు మోశారు. డోలీ కట్టాం మరి, బిర్యానీకి.

పైన బండ ఉంది, అన్న చెప్పినట్టే, మనిషి వీపెత్తున. మొయ్యలేక వచ్చిన ఆ ఇద్దరూ ఎవరూ చెప్పకుండానే గిన్నెను దాని మీద దించారు. బిర్యానీ చల్లారిందని విత్తనాలాయన చిన్న గ్యాసు పొయ్యి తీశాడు. గార్డు అడ్డం వచ్చాడు.

"నిప్పు వద్దని చెప్పినా గదన్నా!"

"ఇది నిప్పు యాడప్పా? గ్యాసు గదా. నువ్వూ తిందువు రా."

బండ మీదే వెలిగించారు. ఫ్లెక్సీని రెండు చెట్లకు కట్టి ఫోటోలు దిగాం. అయిపోయాక తినడానికి కింద పరుచుకోవడానికి ఎవరూ ఏమీ తేలేదని తేలింది. విత్తనాలాయన ఫ్లెక్సీ తాళ్ళు విప్పాడు. రెండో కొస పట్టుకున్నది నేను. ఇద్దరం దులిపి, మొహాలు పైకి ఉండేట్టు పరిచాం.

అప్పుడు జరిగింది నా కళ్ళతో చూశాను కాబట్టి రాస్తున్నాను. నాయకుడి మొహం మీద కూర్చోవడానికి ఎవరూ సాహసించలేదు. ఎవడైనా ఫోటో తీసి ఆళ్ళగడ్డకు పంపిస్తే? ఆయన కాళ్ళ మీద కూడా కూర్చోలేదు. పై వరసలో ఉన్నవాళ్ళు ఎవరి ఫోటోను వాళ్ళు కాపాడుకున్నారు. బావమరిది ఫోటో దగ్గర బావ కూర్చున్నాడు. అలా జరుగుతూ జరుగుతూ, ఎముకలు వేసుకునే పళ్ళెం, దించిన గిన్నె, చేతులు కడిగిన నీళ్ళు అన్నీ కుడి మూలకు చేరాయి. అక్కడున్నది అన్న మొహం. ఆయన తరఫున ఆ మూలను కాపాడేవాడు ఎవడూ లేడు. నేను ఆ గిన్నెలోంచే వడ్డించుకున్నాను.

"ఇంతకూ పరుపులాయన రాలేదేందప్పా?" అని ఒకాయన నిజంగా తెలియకే అడిగాడు.

అందరూ నా వైపు చూశారు. "పులి ఉందని ఎవురో చెప్పినారంట. పరుపు కింద దూరినాడు" అన్నాను. ఒకాయనకు పొలమారి మెతుకులు ముక్కులోంచి వచ్చాయి. వాటిని తుడుచుకుంటూ ఇంకా నవ్వాడు. ఆ ముక్కు, ఆ మెతుకులు, అది చూసి గర్వపడిన నేను. ఇంతకన్నా వివరంగా రాయడానికి నాకే అసహ్యంగా ఉంది.

దిగేటప్పుడు ఫ్లెక్సీ జిడ్డుగా ఉంది. ఎవరూ మడవలేదు. గార్డు ఏదో అన్నాడు. మళ్ళీ మనిషిని పంపించి తీయిస్తామన్నాం.

మేం ఇళ్ళు చేరేసరికే జోకు ఫోన్లలో నంద్యాల చేరిపోయింది. అన్న దాన్ని తన అంగట్లో కూర్చునే విన్నాడు. పరుపులు కొనడానికి వచ్చినవాళ్ళు "కింద పులికి చోటుందా?" అని అడిగి నవ్వేవాళ్ళట. ఆయన ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఎండాకాలంలో ఆపరేషను అయింది. చూడటానికి నేను ఆస్పత్రికి పోలేదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు నాలుగు కాళ్ళ ఊతం పట్టుకుని మా అంగడికి వచ్చాడు. కుర్చీ వేశాను. కూర్చోకుండా ఫోను తీసి నా ముందు పెట్టాడు. మేం తింటున్న ఫోటో. వేళ్ళతో పెద్దది చేశాడు.

"ఇది ఎవురప్పా?"

"యాడన్నా?"

"గిన్నె పక్కన. సగమే కనపడతాంది. చెవి నాదే గదా?"

నేను ఫోనును ఆయన వైపు జరిపాను.

"గిన్నె పెట్టిండేది అంతకుముందు ఆ బండ మీదనేనా?"

"అవునన్నా."

"పులి మాట నువ్వే అన్న్యావంట."

"నేనే అన్న్యా."

మిషను లోపల ఎవరిదో పెళ్ళి ఫ్లెక్సీ కొంచెం కొంచెంగా బయటికొస్తోంది. ఆయన దాన్ని కాసేపు చూశాడు.

"ఆ ఫ్లెక్సీ ఇప్పుడు యాడుంది?"

"ఆడ్నే ఉంటాదన్నా. అది కుళ్ళదు."

"మా నాయన మూట దించుకున్న్య కాడ నా మొగం మీద ఎముకలేసి పెట్టినారు. నాకేం ఆవేశం లేదప్పా. ఆ కాలం అయిపాయ. నువ్వు పోయి దాన్ని తెచ్చియ్యి. నేనూ కొండ కిందిదాంక వస్తా."

అనుమతి తీసుకుని, ఆయన్ని కారులో అడవి గేటు దాకా తీసుకువెళ్ళాను. అప్పుడు మాతో వచ్చిన గార్డు నన్ను గుర్తుపట్టాడు. ఇంకో గార్డును నాకు తోడిచ్చి, తాను అన్న పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

పైకి చేరకముందే వాసన వచ్చింది. మా తర్వాత ఇంకా గుంపులు వచ్చాయి. పరిచిన ఫ్లెక్సీ చూసి అదే తినే చోటనుకున్నారు. చోటు చూపించింది మేమే. ఆకులు కనపడనంతగా కాగితం పళ్ళేలు, గుట్కా పొట్లాలు, గ్లాసులు. కోతులు చింపిన కవర్లు కొమ్మలకు వేలాడుతున్నాయి. సీసాల్లో పసుపుపచ్చ నీళ్ళు. మూత తీయకుండానే అవి ఏమిటో తెలిసింది. వాన నీళ్ళు నిలిచిన ఫ్లెక్సీ మడతల్లో పురుగులు తెల్లగా మెసలుతున్నాయి. మధ్యలో నాయకుడు మాత్రం చెక్కు చెదరకుండా దండం పెడుతూనే ఉన్నాడు. నా అంగడి పేరు, ఫోను నంబరు కింద స్పష్టంగా ఉన్నాయి.

కుడి మూల చినిగిపోయింది. ముక్క కోసం పొదల్లో వెతికాను. ముళ్ళు గీరుకున్నాయి. చివరికి కోతులు తిని పారేసిన తొక్కల మధ్య దొరికింది. గిన్నె వేడికి చెంప దగ్గర కరిగి చిల్లి పడింది. తక్కినదంతా ఆయనే. బండ మీద పొయ్యి పెట్టినచోట నల్లటి మచ్చ, దాని చుట్టూ నూనె. తెచ్చుకున్న నీళ్ళతో, ఇసుకతో తోమాను. ఎంత తోమినా మచ్చ పోలేదు. రెండుసార్లు వాంతి చేసుకున్నాను. గార్డు దూరంగా నిలబడి చూశాడు. చెత్తను సంచులకెత్తి, ఇద్దరం చెరొకటి మోసుకుంటూ దిగాం.

అన్న బెంచీ మీదే ఉన్నాడు. ముక్కను ఒళ్ళో పరుచుకుని, అరచేత్తో మట్టి తుడిచి, చిల్లిలోంచి వేలు పెట్టి చూశాడు.

"ఫోటో మంచిది ఏసినావప్పా. మూలకేసినా మంచిదే ఏసినావు."

నేను సంచుల మూతులు ముడేశాను.

"బండ ఎక్కి కూచున్న్యావా?"

"లేదన్నా. తోమినా."

"పోనీ రెండు పక్కలా కనపడిందా? ఈపక్క మనూరు, ఆపక్క వాళ్ళది? మా నాయన చెప్పినట్లే ఉందా?"

అవునని చెప్పడానికి నోరు తెరిచాను. ఏం చెప్పాలో కూడా తోచింది. ఈ పక్క నల్లరేగడి, ఆ పక్క కొండల వరసలు. ఆయన నమ్మేవాడు. అప్పుడు అర్థమైంది, నేను చూడలేదని. మొదటిసారి పళ్ళెంలోకి చూశాను. రెండోసారి చెత్తలోకి చూశాను. అంత ఎత్తుకు పోయి ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

"చూడలేదన్నా" అన్నాను.

ఆయన కోప్పడలేదు. నన్ను చాలాసేపు చూశాడు. నా కాళ్ళను కూడా చూశాడు.

"రెండు తూర్లు పోయినావు గదప్పా" అన్నాడు.

తర్వాత తన నీళ్ళ సీసా నా చేతికిచ్చాడు. "ఇంగా పొద్దుంది. తాగి, మల్లా పో. బండెక్కి కూచో. రెండు పక్కలా చూసి రా. నాకు చెప్పల్ల నువ్వు."

తోడొచ్చిన గార్డు లేచి లోపలికి నడిచాడు. నేను సంచులు అక్కడే పెట్టి అతని వెనక బయలుదేరాను.

"తొందరగా రావాకు!" అని వెనక నుంచి అన్న అరిచాడు. "బాగ చూసి రా!"

నా మోకాళ్ళు సలుపుతున్నాయి. ఆ మాట ఆయన వినేట్టు అనడానికి నోరు రాలేదు.